ఈ-రీడర్ కొనాలా, అచ్చు పుస్తకాలే కొనుక్కోవాలా? హైదరాబాద్‌లో ఉండే తెలుగు పాఠకులు ఎలా తేల్చుకోవాలి

"కిండిల్ కొందామనుకుంటున్నా, కొనొచ్చా?" అని, అంటే ఈబుక్స్ చదవడానికే అమెజాన్ అమ్మే ఆ డివైస్ గురించి, ఎవరు అడిగినా నేను ముందు అడిగేది ఒకటే, మీరు ఎక్కువగా ఏ భాషలో చదువుతారు అని. ఎందుకంటే మనం చూసే రివ్యూలు దాదాపు అన్నీ ఇంగ్లీష్ చదివేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసినవే, బ్యాటరీ ఎన్ని వారాలొస్తుంది, స్క్రీన్ ఎన్ని అంగుళాలు, నీళ్ళల్లో పడితే ఏమవుతుంది ఇవన్నీ చెప్తారు గానీ మీరు చదవాలనుకున్న తెలుగు నవల అసలు అందులో దొరుకుతుందా లేదా అన్న మాటే రాదు. తెలుగూ ఇంగ్లీషూ రెండూ చదివే మనలాంటోళ్ళకి డివైస్ కంటే ముందు తేలాల్సింది అదే. ఇప్పటికే కార్ట్‌లో పెట్టేసి ఉంటే అలాగే ఉండనివ్వండి, ఆర్డర్ మాత్రం పెట్టకండి, కింద చెప్పినవి వరసగా చేసుకుంటూ రండి, ఒక ఆదివారం పూట కూర్చుంటే చాలావరకు తేలిపోతుంది.

మొదటి స్టెప్: వచ్చే ఏడాది చదవబోయే పుస్తకాల లిస్ట్ రాయండి

ఓ ఇరవై పేర్లు చాలు. ఎప్పటికైనా చదవాలి అని మనసులో పెట్టుకున్న పెద్ద పెద్ద గ్రంథాలు కాదు, నిజంగా ఈ ఏడాదిలో చేతిలోకి తీసుకుంటా అనుకున్నవి మాత్రమే రాయండి. పోయిన ఏడాది ఏమేం చదివారో గుర్తు తెచ్చుకుంటే లిస్ట్ నిజాయితీగా వస్తుంది, ఎందుకంటే మన అలవాట్లు ఒక్కసారిగా మారవు. ప్రతి పేరు పక్కన భాష రాయండి, తర్వాత ఒక్కొక్కదాన్నీ వెతకండి, ఈబుక్‌గా ఉందా, ఉంటే ఎక్కడ, ఎంతకి, అచ్చులో ఎంతకి, లైబ్రరీలో ఉందా. ఈ వెతకడం కాస్త విసుగు పుట్టించే పనే, కానీ దీన్ని స్కిప్ చెయ్యకండి, మిగతా స్టెప్స్ అన్నీ దీనిమీదే నిలబడతాయి.

ఇలా చేస్తే ఏం తెలుస్తుందంటే, ఇంగ్లీష్ పుస్తకాలు చాలావరకు ఈబుక్‌గా దొరుకుతాయి, పాతవైతే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ లాంటి వెబ్‌సైట్లలో ఫ్రీగానే ఉంటాయి. తెలుగు దగ్గరికొచ్చేసరికి లిస్ట్‌లో ఖాళీలు కనపడతాయి. ఇరవైలో పదిహేను ఇంగ్లీష్ ఉంటే మీ దారి ఒకటి, పదిహేను తెలుగు ఉంటే ఇంకొకటి, సగం సగం ఉంటే కాస్త ఓపిగ్గా లెక్క వెయ్యాలి.

రెండో స్టెప్: తెలుగు ఈబుక్స్ పరిస్థితి ఏంటో అర్థం చేసుకోండి

ఇది కాస్త పొడుగ్గా చెప్తా, ఎందుకంటే ఎవరూ చెప్పరు. 2016 డిసెంబర్‌లో అమెజాన్ ఇక్కడ కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు ఐదు భాషలు పెట్టారు, హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. మన భాష ఆ ఐదింట్లో లేదు. ఇంతమంది మాట్లాడే భాషని పక్కన పెట్టారని అప్పుడు చాలామందికి బాధేసింది, నాక్కూడా. తెలుగు పుస్తకాలు ఈబుక్స్‌గా రావడానికి ఇంకో అడ్డు మన దగ్గరే ఉంది. మన పబ్లిషర్ల డీటీపీ ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో జరిగింది, ఆ ఫైల్ యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ అర్థం చేసుకునే అక్షరాల కోడ్) కాదు. అంటే ప్రెస్‌కి వెళ్ళిన ఫైల్‌ని నేరుగా ఈపబ్, అంటే ఈబుక్ ఫైల్, చేద్దామంటే కుదరదు, యూనికోడ్‌లోకి మార్చాలి, మార్చాక అక్కడక్కడా వత్తులూ గుణింతాలూ తారుమారవుతాయి కాబట్టి మళ్ళీ మొదట్నించీ ప్రూఫ్ చూడాలి. కొన్ని వందల కాపీలు అమ్ముకునే చిన్న పబ్లిషర్‌కి ఆ ఖర్చు భారమే. అందుకే మీకు ఎంతో ఇష్టమైన రచయిత పుస్తకం అచ్చులో నాలుగు ప్రింట్లు వెళ్ళినా ఈబుక్ కనపడకపోవచ్చు.

తెలుగులో డిజిటల్‌గా చదివేది చాలావరకు ఫోన్ యాప్స్‌లో ఉంది, ప్రతిలిపి లాంటివి మీకు తెలిసే ఉంటాయి. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే కిండిల్ లాంటి మామూలు ఈ-రీడర్‌లో మీరు బయటి యాప్ వేసుకోలేరు. ఫోన్‌లో రోజూ సీరియల్స్ చదివే అలవాటుంటే కిండిల్ కొన్నాక కూడా మళ్ళీ ఫోనే పట్టుకుంటారు. ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ (కాగితంలా కనపడే స్క్రీన్) డివైస్‌లు వేరే ఉన్నాయి, బూక్స్ అనే కంపెనీవి ఆ రకం, వాటిల్లో ప్లేస్టోర్ యాప్స్ పడతాయి, కానీ రేటు ఎక్కువ, ఇక్కడ సర్వీస్ ఎవరు చేస్తారో కొనేముందే కనుక్కోవాలి.

ఫ్రీగా, చట్టబద్ధంగా, మంచి క్వాలిటీతో తెలుగు టెక్స్ట్ కావాలంటే తెలుగు వికీసోర్స్ ఉంది. మన దేశంలో రచయిత చనిపోయాక అరవై ఏళ్ళకి కాపీరైట్ అయిపోతుంది కాబట్టి పాత తరం వాళ్ళ రచనలు చాలా అక్కడ వాలంటీర్లు టైప్ చేసి, ప్రూఫ్ చూసి పెట్టారు, డౌన్‌లోడ్ నొక్కి ఈపబ్‌గా దింపుకోవచ్చు. మీ లిస్ట్‌లో పాత కావ్యాలు, వ్యాసాలు, నాటకాలు ఎక్కువుంటే ముందు అక్కడ వెతకండి.

మూడో స్టెప్: స్కాన్ పీడీఎఫ్‌ల మీద ఆశ పెట్టుకుంటే స్కేలు తీసుకుని కొలవండి

తెలుగువాళ్ళు ఈ-రీడర్ కొనేది చాలాసార్లు వీటికోసమే. పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ స్కాన్ అయ్యి ఇవాళ ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉన్నాయి, వాటిల్లో పెద్ద భాగం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా నుంచి వచ్చినవి. ఆ పనిలో మన గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీది పెద్ద చెయ్యి, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రాజ్ రెడ్డి గారు ముందుండి నడిపిన మిలియన్ బుక్ ప్రాజెక్ట్‌తో కలిసి జరిగింది అది. ఎక్కడా దొరకని పుస్తకాలు అలా దొరికాయి, దానికి ఎంత థాంక్స్ చెప్పినా తక్కువే.

కానీ అవి టెక్స్ట్ కాదు, ఫొటోలు. ఫాంట్ పెంచడం కుదరదు, జూమ్ మాత్రమే కుదురుతుంది. లెక్క చూడండి. మన నవలలు ఎక్కువగా డెమీ సైజులో వస్తాయి, అంటే సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల పొడుగు. ఆరు అంగుళాల రీడర్ అంటే ఆ ఆరు ఐమూలగా కొలిచింది, స్క్రీన్ అసలు సైజు సుమారు 3.6 బై 4.8 అంగుళాలే. ఎనిమిదిన్నర పొడుగున్న పేజీని 4.8లో ఇరికిస్తే అక్షరం దాదాపు సగానికి పడిపోతుంది. ఇంగ్లీష్ అక్షరమైతే ఎలాగో చదివేస్తాం, తెలుగులో కింద వత్తు, పైన గుడి, పక్కన సుడి, ఇవన్నీ అలికినట్టయిపోతాయి. మార్జిన్లు కత్తిరిస్తే కాస్త మెరుగు, అయినా గంటసేపు చదివే సైజు కాదు. ఏడు అంగుళాల కిండిల్ పేపర్‌వైట్‌లో కూడా స్క్రీన్ పొడుగు ఐదున్నర దాకానే. పది అంగుళాల పైన ఉన్న డివైస్‌లలో మాత్రం పేజీ దాదాపు అచ్చు సైజులోనే కనపడుతుంది, అవి ఖరీదు.

మీ దగ్గరే చూసుకోవచ్చు ఇది. మీకు కావాల్సిన స్కాన్ ఒకటి దింపి, ఒక పేజీని 3.6 బై 4.8 అంగుళాల సైజులో ప్రింట్ తీయండి, జిరాక్స్ సెంటర్‌లో రెండు రూపాయల పని. ఆ కాగితం పట్టుకుని మీ ఇంట్లో మీరు మామూలుగా చదువుకునే లైట్ కింద రెండు పేరాలు చదవండి. కళ్ళు చిట్లించాల్సి వస్తే చిన్న రీడర్ మీకు పనికిరాదు. కేటూపీడీఎఫ్‌ఆప్ట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, స్కాన్ పేజీలోని పదాల్ని బొమ్మలుగానే కోసి చిన్న స్క్రీన్‌కి తగ్గట్టు మళ్ళీ పేర్చి పెడుతుంది. స్కాన్ శుభ్రంగా ఉంటే బానే చేస్తుంది, పేజీ వంకరగా ఉన్నా మరకలున్నా లైన్లు కలగాపులగం చేస్తుంది, పాత స్కాన్లలో వంకర పేజీలు తక్కువేం కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఇలాంటివి సరిచేసుకునే ఓపిక ఉన్నవాళ్ళకి ఓకే, లేనివాళ్ళు దీన్ని నమ్ముకుని కొనొద్దు.

మా పెద్దనాన్న విషయం చెప్తా, రిటైర్డ్ టీచర్, శుక్లాల ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు చదవడం మానేశారు. రీడర్‌లో వికీసోర్స్ ఈపబ్ వేసి అక్షరం బాగా పెద్దది చేసి ఇస్తే, లైన్‌కి మూడు నాలుగు మాటలే పడుతున్నా, పేజీ తిప్పుకుంటూ పొద్దంతా చదివారు. అదే రీడర్‌లో స్కాన్ పీడీఎఫ్ పెడితే జూమ్ చేసి, ప్రతి లైన్‌కీ కుడికి జరిపి మళ్ళీ ఎడమకి జరుపుకుని, ఒక పేజీ అయ్యేసరికి పక్కన పెట్టేశారు. పెద్దవాళ్ళకి గిఫ్ట్ ఇవ్వాలనుకునేవాళ్ళు ఈ రెండింటికీ ఉన్న తేడా చూసుకుని ఇవ్వండి, వాళ్ళు చదివేవి టెక్స్ట్‌గా దొరికితే ఈ-రీడర్‌ని మించింది లేదు.

నాలుగో స్టెప్: డబ్బు లెక్క వెయ్యండి, ఊహించుకోకండి

ఈబుక్స్ చీప్ కాబట్టి డివైస్ డబ్బులు త్వరగానే వచ్చేస్తాయి అని అందరూ అనుకుంటారు. ఏడు అంగుళాల పేపర్‌వైట్ ఇక్కడ 2025 ఏప్రిల్‌లో వచ్చినప్పుడు 16,999 పెట్టారు, ఇవాళ ఎంతుందో చూసి మీ లెక్కలో ఆ నంబర్ వేసుకోండి. మీ లిస్ట్‌లో ఒక్కో పుస్తకానికి అచ్చు రేటుకీ ఈబుక్ రేటుకీ తేడా సగటున 150 అనుకుందాం, అప్పుడు 114 పుస్తకాలు చదివితే గానీ డివైస్ ఖరీదు రాదు. నెలకి రెండు చదివేవాళ్ళకి అది నాలుగేళ్ళ మీదే. నెలకి నాలుగు చదివితే రెండున్నర ఏళ్ళలోపు. తేడా వందే అయితే 170 పుస్తకాలు. అదే మీరు చదివేది ఎక్కువగా ఫ్రీగా దొరికే పాత పుస్తకాలు, అచ్చులో 250 పెట్టాల్సినవి అయితే 68 పుస్తకాలకే తేలిపోతుంది.

తెలుగు పుస్తకాలకి ఈ లెక్క చాలాసార్లు అచ్చు వైపే తూగుతుంది, మన పుస్తకాల రేట్లు ఇంగ్లీష్ వాటితో పోలిస్తే ఇంకా అందుబాటులోనే ఉన్నాయి, సెకండ్ హ్యాండ్ అయితే చెప్పక్కర్లేదు. ఇంకోటి, అచ్చు పుస్తకం చదివాక ఇంకొకరికి ఇవ్వొచ్చు, అమ్మొచ్చు, ఈబుక్‌కి ఆ విలువ సున్నా. పన్ను సంగతి కూడా ఒక మాట, అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు, అచ్చులో కూడా ఉన్న పుస్తకం ఈబుక్‌కి 2018 జులై నుంచి ఐదు శాతం.

లైబ్రరీని లెక్కలోకి తీసుకోకుండా ఈ స్టెప్ పూర్తి కాదు. అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది, సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901 నుంచి ఉంది, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ, బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం. మీ లిస్ట్‌లో ఒకసారి చదివితే చాలు అనుకున్నవాటిని ముందు అక్కడ అడగండి. అమెరికాలో ఉన్న మీ కజిన్ లైబ్రరీ పుస్తకాలు కిండిల్‌లోకి ఫ్రీగా తెచ్చుకుంటున్నా అని చెప్తే నిజమే చెప్తున్నాడు, ఆ సౌకర్యం అక్కడి లైబ్రరీలకే, మన కిండిల్‌కి రాదు.

ఐదో స్టెప్: ఎక్కడ, ఎప్పుడు చదువుతారో చూసుకోండి

మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో రోజూ వెళ్ళేవాళ్ళు ఒక చేత్తో పైన హ్యాండిల్ పట్టుకుని నిలబడాలి, ఇంకో చెయ్యి మాత్రమే ఖాళీ. ఐదొందల పేజీల నవల ఒంటిచేత్తో తెరిచి పట్టుకుని పేజీ తిప్పడం అయ్యే పని కాదు. చిన్న కిండిల్ బరువు 158 గ్రాములు, బొటనవేలితోనే పేజీ తిరుగుతుంది, ఫోన్‌లాగా మధ్యలో మెసేజ్‌లు రావు. రోజుకి గంట అలా పోయేవాళ్ళకి డబ్బు లెక్క కాస్త అటుఇటుగా వచ్చినా నేను కొనమనే చెప్తా, ఆ గంట చదువుకి దక్కడం చాలా పెద్ద విషయం.

రాత్రి లైట్ ఆపేసి చదివేవాళ్ళకి కూడా బావుంటుంది. ఈ-ఇంక్ స్క్రీన్‌లో నల్లటి తెల్లటి రేణువులు కరెంటు ఛార్జ్‌తో పైకీ కిందకీ జరిగి అక్షరంగా ఏర్పడతాయి, పేజీ మారినప్పుడే కరెంటు తీసుకుంటుంది, అందుకే బ్యాటరీ వారాల తరబడి వస్తుంది. లైట్ స్క్రీన్ అంచుల నుంచి అక్షరాల మీద పడుతుంది, ఫోన్‌లోలాగా వెనక నుంచి మన కళ్ళలోకి రాదు. ఎండలో, బాల్కనీలో, ట్యాంక్‌బండ్ మీద కూర్చుని కూడా స్పష్టంగా కనపడుతుంది.

ఇంట్లో చోటు కూడా చూడండి. అద్దె ఇల్లు మారిన ప్రతిసారీ పుస్తకాల పెట్టెలు మోయించడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి తెలుసు, ప్యాకర్స్ వాళ్ళు ఆ పెట్టెలు చూడగానే రేటు పెంచేస్తారు. చెదలు ఒకటి, వానాకాలం చెమ్మ ఇంకొకటి. 2020 అక్టోబర్ వానలకి కింద పోర్షన్లలోకి నీళ్ళొచ్చి సిటీలో ఎన్నో ఇళ్ళల్లో సామాన్లన్నీ పాడయ్యాయి, తడిసిన పుస్తకం మళ్ళీ మామూలు అవ్వదు. మళ్ళీ మళ్ళీ చదివేవి అచ్చులో ఉంచుకుని, ఒకసారి చదివి వదిలేసేవి డివైస్‌లోకి మార్చుకోవడం చాలామందికి సరిపోయే పద్ధతి.

గ్రూప్స్‌కో డీఎస్సీకో చదివేవాళ్ళు అశోక్‌నగర్ రూముల్లో ఉండి ఇది చదువుతుంటే మీకు సూటిగా చెప్తా, కొనకండి. తెలుగు అకాడమీ పుస్తకాలు, ఏ ఫోర్ సైజు నోట్స్, మ్యాపులు, టేబుల్స్, వెనక్కీ ముందుకీ గబగబా తిప్పడం, పక్కన రాసుకోవడం, ఇవేవీ చిన్న ఈ-ఇంక్ స్క్రీన్ మీద సుఖంగా జరగవు. ఆ డబ్బు పుస్తకాలకీ జిరాక్సులకీ పెట్టుకోండి. చిన్నపిల్లల బొమ్మల పుస్తకాలు కూడా అచ్చులోనే.

అదే తెలుగు మీడియంలో చదివి ఇప్పుడు ఇంగ్లీష్ పుస్తకాలు మొదలుపెట్టాలి అనుకునేవాళ్ళకి మాత్రం గట్టిగా చెప్తా, ఈ-రీడర్ మీకు నిజంగా ఉపయోగం. తెలియని మాట మీద వేలు పెట్టి ఉంచితే అక్కడే అర్థం వస్తుంది, కిండిల్‌లో అయితే అలా చూసిన మాటలన్నీ ఒకచోట దాచిపెడుతుంది కూడా. డిక్షనరీ కోసం లేవాల్సిన పనిలేకపోతే ఆగకుండా చదువుతారు, మొదటి ఇంగ్లీష్ నవల పూర్తి చేయడంలో అదే పెద్ద సాయం.

ఆరో స్టెప్: పుస్తకం మీదేనా అని అడగండి

ఈబుక్ కొంటే మనకి వచ్చేది చదువుకునే లైసెన్స్, పుస్తకం కాదు. 2009లో ఒక పబ్లిషర్‌కి హక్కులు లేవని తేలాక, అప్పటికే అమ్మేసిన పుస్తకాల్ని అమెజాన్ జనాల కిండిల్స్ నుంచి తీసేసి డబ్బులు వెనక్కి ఇచ్చింది, పెద్ద గొడవైంది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ స్టోరే మూసేసింది, కొన్నవాళ్ళకి డబ్బులొచ్చాయి గానీ పుస్తకాలు తెరుచుకోలేదు. 2025 ఫిబ్రవరిలో కిండిల్ పుస్తకాల్ని కంప్యూటర్‌లోకి దింపి యూఎస్‌బీతో ఎక్కించుకునే ఆప్షన్ తీసేశారు. ఇవి చెప్పేది భయపెట్టడానికి కాదు, మీ పిల్లలకి ఇద్దామనుకునే పుస్తకాలు, మీ పేరు రాసుకుని దాచుకునే పుస్తకాలు, రచయిత సంతకం పెట్టించుకున్నవి, వీటిని అచ్చులోనే కొనండి. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే ఫ్రెండ్స్ సర్కిల్ ఉంటే కూడా అచ్చే మేలు, ఈబుక్ పక్కింటివాళ్ళకి చేత్తో ఇవ్వలేం.

ఏడో స్టెప్: రూపాయి ఖర్చు లేకుండా టెస్ట్ చెయ్యండి

ముందు ఫోన్‌లో కిండిల్ యాప్ వేసుకుని, మీ లిస్ట్‌లో ఉన్న పుస్తకాల ఫ్రీ శాంపిల్స్ దింపి ఒక నెల చదవండి. స్క్రీన్ ఎలా ఉందో దీంతో తెలియదు, కానీ డిజిటల్‌గా ఒక పుస్తకం చివరిదాకా చదివే అలవాటు మీకు ఉందో లేదో తెలుస్తుంది. శాంపిల్ అయిపోయాక మిగతాది కొని చదవాలనిపించిందా, లేక ఊరికే పడి ఉందా, అదే మీ జవాబు. తర్వాత రీడర్ ఉన్న ఫ్రెండ్ దగ్గర ఒక వారం అడిగి తీసుకోండి.

ఆ వారంలో తెలుగు టెస్ట్ ఒకటి తప్పకుండా చెయ్యాలి. గూగుల్ డాక్స్‌లో ఒక పేజీ తెలుగు టైప్ చెయ్యండి, కష్టమైన మాటలు కావాలని వెయ్యండి, స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్యోత్స్న, వాఙ్మయం, ఉత్ప్రేరకం, కృష్ణాష్టమి, అర్ఘ్యం. ఫైల్ మెనూలో డౌన్‌లోడ్‌కి వెళ్తే ఈపబ్ అని ఉంటుంది, అలా దింపి ఆ రీడర్‌కి పంపండి, కిండిల్ అయితే సెండ్ టు కిండిల్ పేజీ 2022 నుంచి ఈపబ్ తీసుకుంటోంది. తెరిచి చూడండి. స్త్రీలో తకారవత్తు, క్రారవడి తమ చోట్లలో కూర్చున్నాయా, లేక పక్కన విడిగా పడ్డాయా, అక్షరాల మధ్య చుక్కలతో గీసినట్టుండే ఖాళీ సున్నాలు కనపడుతున్నాయా, లైన్ చివర మాట మధ్యలో విరిగి వత్తు కింది లైన్‌లోకి పోయిందా. తర్వాత అక్షరం సైజు పెంచి పెంచి చూడండి, కొన్నిసార్లు పెద్ద సైజులో పై లైన్ వత్తులు కింది లైన్ గుడుల మీద పడతాయి, అప్పుడు లైన్ల మధ్య దూరం పెంచే సెట్టింగ్ ఉందో లేదో చూడాలి. ఒక్కో డివైస్, ఒక్కో సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఒక్కోలా చూపిస్తుంది కాబట్టి వేరేవాళ్ళ మాట మీద కాకుండా మీరే కళ్ళారా చూసుకోవాలి.

ఈపబ్‌లో తెలుగు సరిగ్గా రాకపోతే ఒక దారి ఉంది. అదే టెక్స్ట్‌ని పేజీ సైజు మనకి కావాల్సినట్టు మార్చుకోనిచ్చే వర్డ్ లాంటి ప్రోగ్రామ్‌లో వేసి, పేజీ సైజుని 9 బై 12 సెంటీమీటర్లకి మార్చి, మార్జిన్లు బాగా తగ్గించి, మండలి, మల్లన్న, ఎన్టీఆర్, సూరన్న లాంటి మంచి తెలుగు ఫాంట్ 14 సైజులో పెట్టి పీడీఎఫ్‌గా దింపండి. పీడీఎఫ్‌లో ఫాంట్ లోపలే ఉంటుంది కాబట్టి వత్తులు కదలవు, పేజీ స్క్రీన్‌కి సరిగ్గా సరిపోతుంది కాబట్టి జూమ్ అక్కర్లేదు. మీ దగ్గర టెక్స్ట్‌గా ఉన్న కథలు, వెబ్ పత్రికల్లో వచ్చిన వ్యాసాలు మీకోసం మీరు చదువుకోవడానికి ఇలా చేసుకోవచ్చు.

అచ్చు వైపే తేలితే

చాలామంది తెలుగు పాఠకులకి ఇదే తేలుతుంది, అందులో వెనకబాటేం లేదు. కొత్త తెలుగు పుస్తకాలకి కాచిగూడ నవోదయ, నవచేతన లాంటి షాపులకి వెళ్తే అక్కడి వాళ్ళే మీ అభిరుచి కనుక్కుని పుస్తకం చేతిలో పెడతారు. ఆదివారం పొద్దున్నే అబిడ్స్‌కి వెళ్తే మూసి ఉన్న షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి, ఇంగ్లీష్ ఎక్కువ, తెలుగు వెతుక్కోవాలి, వెళ్ళేటప్పుడు చిల్లర ఉంచుకోండి. ఏడాది చివర్లో ఎన్టీఆర్ స్టేడియంలో బుక్ ఫెయిర్ జరిగినప్పుడు చిన్న చిన్న తెలుగు పబ్లిషర్ల స్టాల్స్ అన్నీ ఒకేచోట ఉంటాయి, డిస్కౌంట్ కూడా ఇస్తారు, ఆన్‌లైన్‌లో అవుట్ ఆఫ్ స్టాక్ అని కనపడే పుస్తకాలు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

డివైస్ వైపు తేలితే ఏది, ఎలా కొనాలి

ఇంగ్లీష్ నవలలు మాత్రమే అయితే ఆరు అంగుళాల బేసిక్ మోడల్ చాలు, ఇప్పుడు దాంట్లో కూడా 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) స్క్రీనే వస్తుంది, అక్షరం పదునుగానే ఉంటుంది. రాత్రిపూట ఎక్కువ చదివితే లైట్‌ని పసుపు రంగులోకి మార్చుకునే సౌకర్యం ఉన్న పేపర్‌వైట్ తరగతి చూడండి. కోబో లాంటివి ఈపబ్ నేరుగా చదువుతాయి, కానీ బయటి దేశం నుంచి తెప్పించుకుంటే పాడైనప్పుడు చూపించడానికి ఇక్కడ ఎవరూ ఉండకపోవచ్చు. ఏది కొన్నా ఆర్డర్ పెట్టేముందు రిటర్న్ పాలసీ చదవండి, నచ్చలేదంటే డబ్బులు వాపసు ఇవ్వరు, పాడైతే మార్చి ఇస్తారు అని చాలా ఎలక్ట్రానిక్స్‌కి ఉంటుంది. కవర్ మాత్రం అదే రోజు కొనండి. ఈ-ఇంక్ స్క్రీన్ బ్యాగ్‌లో టిఫిన్ బాక్స్ ఒత్తుకున్నా పగలొచ్చు, పగిలితే బాగుచేసే ఖర్చుకి కొత్తదే వస్తుంది అన్నట్టుంటుంది.

సెకండ్ హ్యాండ్ అయితే ఆన్‌లైన్ ఫొటో చూసి డబ్బులు పంపకండి, మనిషిని కలిసి చేతిలోకి తీసుకుని చూడండి. స్క్రీన్ ఆన్ చేసి పూర్తి తెల్ల పేజీ, తర్వాత బాగా నలుపున్న బొమ్మ పేజీ తెరవండి, సన్నటి నిలువు గీతలు కనపడితే స్క్రీన్ లోపల దెబ్బ తగిలినట్టే. చీకటి మూలకి తీసుకెళ్ళి లైట్ అన్నివైపులా ఒకేలా పడుతోందో చూడండి. ఛార్జింగ్ కేబుల్ పెట్టి ఛార్జ్ ఎక్కుతోందో, వైఫైకి కనెక్ట్ అవుతోందో మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో చూడండి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మే మనిషి తన అకౌంట్‌ని మీ ముందే ఆ డివైస్ నుంచి తీసెయ్యాలి, అదే డీరిజిస్టర్ చెయ్యాలి, మీరు మీ అకౌంట్‌తో లాగిన్ అయ్యి ఒక ఫ్రీ శాంపిల్ దింపుకుని తెరవగలగాలి, ఎందుకంటే పోయిందని రిపోర్ట్ అయిన డివైస్ రిజిస్టర్ అవ్వదు. రేటు మాట్లాడటం ఇదంతా అయ్యాకే.